గల్ఫ్ యుద్ధ సైనికుల జబ్బు: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

గల్ఫ్ అనగానే మనవాళ్లకి కువైట్ వీసా, కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో పనికి వెళ్లిన చుట్టాలు గుర్తొస్తారు. నేను రాస్తున్నది 1991లో అక్కడ యుద్ధం చేసి తిరిగొచ్చిన అమెరికా సైనికుల గురించి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. దాన్ని వెళ్లగొట్టడానికి అమెరికా దాదాపు 7 లక్షల మందిని పంపింది. నేల మీద పోరు ఫిబ్రవరి 24 నుంచి 28 దాకా, అంతే. వాళ్లలో నలుగురికి ఒకరు చొప్పున జబ్బుపడ్డారు, చాలామందికి ఇప్పటికీ తగ్గలేదు. విపరీతమైన నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం, విరేచనాలు, చర్మం మీద దద్దుర్లు. ఇరవై ఏళ్ల వయసులో వెళ్లినవాళ్లు ఇప్పుడు యాభై అయిదు, అరవై దాటి నా దగ్గరికి వస్తున్నారు.

మాజీ సైనికులకు వైద్యం చేసే ఫిజీషియన్‌గా నాకు ఈ జబ్బు మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అంతా భ్రమ అనేవాళ్లు కొందరు. కనిపించిన ప్రతి రసాయనం మీదా నేరం మోపేవాళ్లు ఇంకొందరు. ఇద్దరితోనూ నాకు పేచీనే.

అపోహ: ఇదంతా యుద్ధం తెచ్చిన టెన్షన్. మనసుకి వైద్యం చేస్తే సరిపోతుంది.

తొంభైల్లో చాలామంది డాక్టర్లు ఇదే చెప్పి పంపించారు. పరీక్షల్లో ఏమీ దొరక్కపోతే రోగి మనసు మీదకి నెట్టేయడం మా వృత్తిలో పాత అలవాటు. 2008లో అమెరికా ప్రభుత్వమే నియమించిన శాస్త్రవేత్తల సలహా సంఘం పెద్ద నివేదిక ఇచ్చింది. ఈ జబ్బు నిజమైనదనీ, యుద్ధ ఒత్తిడితో దీన్ని వివరించలేమనీ అందులో తేల్చింది. పైగా యుద్ధం తర్వాత వచ్చే మానసిక సమస్య, అంటే పీటీఎస్‌డీ, వియత్నాం యుద్ధం చేసొచ్చిన సైనికులతో పోలిస్తే ఈ యుద్ధానికి వెళ్లినవాళ్లలో తక్కువ. రెండూ ఉన్నవాళ్లు లేకపోలేదు. వాళ్లకి రెండిటికీ మందు ఇవ్వాలి, ఒకటి ఉందని రెండోదాన్ని కొట్టేయకూడదు.

అపోహ: రిపోర్టులన్నీ నార్మల్. కాబట్టి జబ్బు లేదు.

మైగ్రేన్‌కి కూడా రక్తపరీక్ష లేదు, అయినా ఎవరూ దాన్ని కాదనరు. గల్ఫ్ యుద్ధ జబ్బుని లక్షణాల తీరుని బట్టే గుర్తిస్తాం. 2000లో కాన్సస్ రాష్ట్రంలో చేసిన అధ్యయనం నుంచి వచ్చిన కొలమానంలో ఆరు గుంపులు ఉంటాయి: నీరసం, నొప్పులు, మెదడు–నరాలు–మూడ్, చర్మం, పొట్ట, ఊపిరి. వీటిలో కనీసం మూడింట్లో చెప్పుకోదగ్గ బాధ ఉండాలి. షుగరో గుండెజబ్బో క్యాన్సరో లాంటి వేరే కారణం ఉండకూడదు. 2025 అక్టోబర్ నుంచి అమెరికా రోగనిర్ధారణ కోడ్‌ల జాబితాలో ఈ జబ్బుకి సొంత కోడ్ కూడా వచ్చింది. ఆలస్యమే, కానీ వచ్చింది.

అపోహ: విషవాయువు తగిలితే అక్కడికక్కడే పడిపోవాలి. పడిపోలేదంటే తగల్లేదు.

గుంటూరు, వరంగల్ వైపు ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ చేసిన ఏ డాక్టరుకైనా పురుగుమందు తాగిన కేసు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, సూదిమొనంత కనుపాపలు, విరుగుడుగా అట్రోపిన్ మీద అట్రోపిన్. యుద్ధంలో వాడే సారిన్ వాయువుదీ మన మోనోక్రోటోఫాస్‌దీ ఒకటే కుటుంబం, ఆర్గానోఫాస్ఫేట్లు. నరం నుంచి నరానికి, నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ని, పని కాగానే ఒక ఎంజైమ్ విరగ్గొట్టాలి. ఈ మందులు ఆ ఎంజైమ్‌నే పట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది.

అది పెద్ద మోతాదు కథ. ఖమీసియాలో జరిగింది వేరు. దక్షిణ ఇరాక్‌లోని ఆ ఆయుధాగారాన్ని యుద్ధం ముగిశాక, 1991 మార్చి 4న, 10న అమెరికా సైనికులే పేల్చేశారు. అందులో సారిన్, సైక్లోసారిన్ నింపిన 122 మిల్లీమీటర్ల రాకెట్లు ఉన్నాయని వాళ్లకి తెలియదు. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ఈ సంగతి ఒప్పుకున్నది 1996 జూన్‌లో, అయిదేళ్లకి. ఆ గాలి తగిలి ఉండొచ్చన్న సైనికుల లెక్క మొదట కొన్ని వందలు. అదే ఏడాది 20 వేలయింది. 1997కి దాదాపు లక్షకి చేరింది. అక్కడెవరూ నురగలు కక్కలేదు. అందుకే ఏమీ జరగలేదన్న వాదన అన్నేళ్లు నిలబడింది.

కళ్లకి కనపడే లక్షణాలు తెప్పించని మోతాదు కూడా తర్వాత నరాలని దెబ్బతీయగలదా? జంతువుల మీద చేసిన ప్రయోగాలు తీయగలదనే చెబుతున్నాయి. మనుషుల్లో రుజువు చేయడం కష్టం, ఎందుకంటే ఎవరికి ఎంత తగిలిందో 1991 మార్చిలో అప్పటికప్పుడు కొలవలేదు.

అపోహ: వాళ్లు వేసుకున్న మాత్రలు విషానికి విరుగుడే కదా, వాటివల్ల హాని ఏముంటుంది?

పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్, సైనికుల నోట పీబీ. 30 మిల్లీగ్రాముల మాత్ర, 8 గంటలకొకటి. దాదాపు రెండున్నర లక్షల మంది వీటిని ఎంతోకొంత వాడారని అంచనా. ఇది విరుగుడు కాదు, ముందుజాగ్రత్త. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేస్తాం చూడండి, అలాగ పీబీ వెళ్లి ఆ ఎంజైమ్ మీద కాసేపు కూర్చుంటుంది. సోమన్ అనే విషవాయువు వచ్చినా ఆ సీటు దొరకదు. తర్వాత పీబీ లేచిపోతుంది, ఎంజైమ్ మళ్లీ పనిలో పడుతుంది. 2003లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని సైనికులకి ఆమోదించినప్పుడు కూడా సోమన్‌కే ఆమోదించింది, సారిన్‌కి కాదు. 1991లో మాత్రం సైనికుల సమ్మతి అడగాల్సిన పని లేకుండా ఇవ్వడానికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది.

ఇక్కడ తెలివైన జూనియర్లు అడ్డుపడతారు. మయస్థీనియా (కండరాలు నీరసించే జబ్బు) రోగులు ఇదే మందుని ఇంతకన్నా పెద్ద మోతాదులో ఏళ్లతరబడి వాడుతున్నారు కదా అని. మంచి ప్రశ్నే. కానీ ఆ రోగుల నరం–కండరం కలిసే చోటే లోపం ఉంటుంది, ఆ లోపాన్ని పూడ్చడానికే మందు. ఆరోగ్యంగా ఉన్న సైనికుడికి పూడ్చాల్సిన లోటు లేదు. పైగా దోమలూ పురుగులూ రాకుండా యూనిఫాం మీద పర్మెత్రిన్, ఒంటికి డీట్, గుడారాల్లో క్లోర్‌పైరిఫాస్, డైక్లోర్‌వాస్ అనే పురుగుమందులు. కొందరైతే కుక్కలకి పురుగులు పట్టకుండా కట్టే పట్టీలు సొంతంగా కొని కట్టుకున్నారు. డ్యూక్ యూనివర్సిటీలో 1996లో కోళ్ల మీద చేసిన ప్రయోగంలో పీబీ, డీట్, పర్మెత్రిన్ విడివిడిగా కన్నా కలిపి ఇచ్చినప్పుడు నరాలకి ఎక్కువ హాని చేశాయి.

2008 నివేదిక వేలెత్తి చూపింది ఈ రెంటినే: పీబీ, పురుగుమందులు. అమెరికా జాతీయ అకాడమీల నివేదికలు అంత దూరం వెళ్లలేదు, కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవన్నాయి. నా మొగ్గు మొదటి నివేదిక వైపే. అయితే ఈ విషయంలో శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి వచ్చేశారని మాత్రం రోగులకి చెప్పను.

అపోహ: ఒకే గుడారంలో పడుకున్నారు, ఒకే మాత్ర మింగారు. ఒకడికి జబ్బు, ఇంకొకడు గుర్రంలా ఉన్నాడు. కాబట్టి కారణం రసాయనం కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు మన తెలుగు ఆపరేషన్ థియేటర్లలోనే ఉంది. మన దగ్గర చాలామంది మత్తు డాక్టర్లు ఆర్యవైశ్య కుటుంబాల రోగి వస్తే, కండరాలని కాసేపు పనిచేయకుండా చేసే స్కోలిన్ ఇంజెక్షన్ ఇచ్చేముందు ఒక క్షణం ఆగుతారు. మామూలుగా కొన్ని నిమిషాల్లో దిగిపోవాల్సిన ఆ మందు, ఆ కుటుంబాల్లో కొందరికి గంటలపాటు దిగదు. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాలి. రక్తంలో బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతోనే సరిగా పనిచేయకపోవడం దానికి కారణం. (అందరికీ ఉండదు, దయచేసి కులం చూసి జబ్బు అంటగట్టొద్దు.) పీబీనీ, విషవాయువునీ నరాల దాకా వెళ్లకముందే రక్తంలో కొంత పట్టి ఉంచేదీ ఇదే ఎంజైమ్. గల్ఫ్ యుద్ధం సమయంలో పీబీ వేసుకుని తీవ్రంగా ఇబ్బందిపడిన ఒక ఇజ్రాయెల్ సైనికుడిలో ఈ లోపమే బయటపడింది. ఆ కేసు 1995లో అచ్చయింది.

ఇంకో ఎంజైమ్ పాన్1. దాని జన్యువులో క్యూ, ఆర్ అని రెండు రూపాలు; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. సారిన్‌ని విరగ్గొట్టడంలో క్యూ చురుకు, ఆర్ మందకొడి. క్లోర్‌పైరిఫాస్ లాంటి కొన్ని పురుగుమందుల దగ్గర తిరగబడి ఆర్ చురుకవుతుంది. డల్లాస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ బృందం 2022లో వెయ్యిమందికి పైగా సైనికుల్ని పరిశీలించింది. విషవాయువు అలారం విన్నవాళ్లలో రెండు ఆర్‌లు ఉన్నవాళ్లకి, అలారం వినని అలాంటివాళ్లకన్నా జబ్బు ఉండే అవకాశం దాదాపు 9 రెట్లు. రెండు క్యూలు ఉన్నవాళ్లలో ఆ తేడా 4 రెట్ల లోపే. అలారం విన్నామన్నది ఎన్నో ఏళ్ల తర్వాత చెప్పిన జ్ఞాపకం కదా అని కొందరు పెదవి విరుస్తారు. నిజమే. కానీ జ్ఞాపకం తప్పయితే క్యూ వాళ్లదీ ఆర్ వాళ్లదీ ఒకేలా తప్పాలి. ఎవరికి ఏ జన్యువుందో వాళ్లకే తెలియదు.

అపోహ: యురేనియం గుళ్లు, చమురు బావుల పొగ, టీకాలు, అన్నీ కలిసే చేశాయి.

యురేనియం ముక్కలు ఒంట్లో దిగిన సైనికుల్ని బాల్టిమోర్‌లో దశాబ్దాలుగా పరీక్షిస్తున్నారు. మూత్రంలో యురేనియం ఎక్కువే, కానీ ఈ జబ్బుకి దానికి సంబంధం కనిపించలేదు. 2021లో జబ్బుపడిన సైనికుల మూత్రంలో ఆ యురేనియం జాడ వెతికితే దొరకలేదు. ఇరాక్ సేనలు అంటించిన 600కు పైగా బావుల పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, సరే. ఈ మొత్తం జబ్బుకి అదే మూలమనడానికి మాత్రం ఆధారం బలహీనం.

అపోహ: డీటాక్స్ చేయిస్తే విషం బయటికి పోతుంది.

పోవడానికి ఇప్పుడు లోపల ఏమీ లేదు. పీబీ గంటల్లో, సారిన్ రోజుల్లో వెళ్లిపోయాయి, మిగిలింది అవి చేసిన దెబ్బ. ఒంట్లోంచి లోహాలు లాగేస్తామనే కీలేషన్‌కి డబ్బు పోయకండి. 2003లో 1,092 మంది మీద జరిగిన ట్రయల్‌లో వ్యాయామం, కౌన్సెలింగ్ కొద్దిపాటి మేలు చేశాయి. ఏడాదిపాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ఇంకో ట్రయల్‌లో ఉపయోగం కనపడలేదు. నేనైతే ముందు నిద్ర చూస్తాను. గురక, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంటే, నిద్రలో గాలి అందించే మిషన్ పెట్టిస్తే నీరసం చాలామందికి కాస్త తగ్గుతుంది.

అపోహ: ముప్పై అయిదేళ్లయింది, ఇంక క్లెయిమ్ ఎవరిస్తారు?

1994 నుంచే, కారణం తేలని జబ్బుకి కూడా పరిహారం ఇవ్వొచ్చని అమెరికాలో చట్టం ఉంది. 2022 ఆగస్టులో వచ్చిన పాక్ట్ చట్టం గడువునీ ఎత్తేసింది. అయినా తిరస్కరణలు ఎక్కువే. 2015లో ఇలాంటి క్లెయిముల్లో మంజూరైనవి 17 శాతమేనని ప్రభుత్వ ఆడిటర్లే 2017లో రాశారు. అందుకే నా రోగులకి చెప్పేది: ఏ యూనిట్, 1991 మార్చి మొదటి రెండు వారాల్లో ఎక్కడున్నారు, పీబీ ఎన్నాళ్లు వేసుకున్నారు, గుడారంలో ఏం కొట్టారు, ఇవన్నీ కాగితం మీద రాసి తేండి. ఫైల్లో "ఒత్తిడి" అని ఒక్క ముక్క రాసి ఉంటే, అది ఎవరు, ఏ పరీక్ష చేసి రాశారో అడగండి.