ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి అచ్చు వేయించుకోవడం కాదు

మొన్నొక రోజు పలాస వైపు నుంచి వచ్చిన ఒక పీహెచ్‌డీ స్కాలర్ మా లైబ్రరీలో కూర్చుని నాకు తన ఫోన్ చూపించింది. వాట్సాప్‌లో ఒక మెసేజ్. 48 గంటల్లో పేపర్ వేస్తాం, 3,500 రూపాయలు యూపీఐ చేయండి, సర్టిఫికెట్ కూడా పంపుతాం అని ఉంది. "మేడమ్, ఇది ఓపెన్ యాక్సెస్ జర్నలేనట. కట్టేయమంటారా? థీసిస్ ఇచ్చే గడువు దగ్గరకొచ్చింది, టెన్షన్‌గా ఉంది" అంది.

శ్రీకాకుళం జిల్లాలో కాలేజీ లైబ్రేరియన్‌గా ఉన్న నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఓపెన్ యాక్సెస్ అనే మాటను సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల కొందరు మోసపోతున్నారు. ఆ మోసాల గురించి విన్నవాళ్లు మంచి దారిని కూడా వదిలేస్తున్నారు. రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

అపోహ: ఓపెన్ యాక్సెస్ అంటే రచయిత డబ్బు కట్టాలి.

వాస్తవం: ఆ మాట చదివేవాళ్ల గురించి. 2002లో వచ్చిన బుడాపెస్ట్ ప్రకటన దీనికి అర్థం చెప్పింది. పరిశోధన వ్యాసాన్ని ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, దించుకోవచ్చు, పంచుకోవచ్చు. రచయిత పేరు మాత్రం చెప్పి తీరాలి. రాసినవాళ్లు కట్టి తీరాలని అందులో ఎక్కడా లేదు.

డబ్బు తీసుకునే పత్రికలు లేవని కాదు. ఆ ఫీజును ఏపీసీ (ఆర్టికల్ ప్రాసెసింగ్ చార్జ్) అంటారు. నేచర్ పత్రిక 2020 చివర్లో తన ఓపెన్ యాక్సెస్ రుసుమును 9,500 యూరోలుగా ప్రకటించింది. అది మన లెక్చరర్ల నెల జీతాలకు అందే మొత్తం కాదు. ఇలాంటి అంకెలే వార్తల్లోకి వస్తాయి కాబట్టి అన్నీ అంతే అనుకుంటాం. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2003లో మొదలైన డీఓఏజే (డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్) అనే జాబితా తెరిచి చూడండి. అందులో ఇప్పుడు 20 వేలకు పైగా ఓపెన్ యాక్సెస్ పత్రికలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం రచయిత దగ్గర పైసా తీసుకోవు. ఆ ఖర్చును విశ్వవిద్యాలయాలు, విద్వత్ సంఘాలు, ప్రభుత్వ సంస్థలు భరిస్తాయి. ఫీజు లేని పత్రికలను మాత్రమే చూపించమని అడిగే సౌకర్యం కూడా ఆ సైట్‌లో ఉంది. స్కాలర్లకు నేను మొదట నేర్పేది అదే.

ఫీజు ఉన్న మంచి పత్రికకే పంపాలనుకుంటే ఫీజు మాఫీ గురించి ముందే అడగండి. చాలా పేద దేశాలకు కొందరు ప్రచురణకర్తలు తమంతట తామే మాఫీ ఇస్తారు, మనకు సాధారణంగా అలా రాదు. పేపర్ ఒప్పుకున్నాక అడిగితే చాలామంది వినరు. పంపే ముందే ఈమెయిల్ రాయాలి.

అపోహ: చందా కట్టినవాళ్లే చదవగలిగే పత్రికలో వేస్తే ఇక ఆ పేపర్ తాళం లోపలే.

ఈ ఒక్కటి తెలియక మన జిల్లాల్లో ఎంత పరిశోధన మూలన పడి ఉందో! చాలామంది ప్రచురణకర్తలు ఒక వెసులుబాటు ఇస్తారు. రివ్యూ, అంటే ఆ విషయం తెలిసిన నిపుణుల పరిశీలన, అయిపోయి, ఎడిటర్ ఒప్పుకున్నాక మీ దగ్గర మిగిలే చివరి వర్డ్ ఫైలు ఉంటుంది కదా, దాన్ని మీరు మీ సంస్థ రిపాజిటరీలో, అంటే పేపర్లను ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి దాచే చోట, పెట్టుకోవచ్చు. కొందరు వెంటనే ఒప్పుకుంటారు, కొందరు ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు. ఏ పత్రిక షరతు ఏమిటో ఓపెన్ పాలసీ ఫైండర్ అనే సైట్‌లో చూడొచ్చు, పాతవాళ్లకు అది షెర్పా రోమియోగా తెలుసు. పత్రిక వాళ్లు రంగుల్లో అందంగా పేజీలు కట్టిన పీడీఎఫ్ మాత్రం అనుమతి లేకుండా పెట్టకూడదు. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. పీడీఎఫ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారు, వర్డ్ ఫైలును చెరిపేస్తారు. దయచేసి ఆ ఫైలు దాచుకోండి.

దీనికి రూపాయి ఖర్చు లేదు. మన దేశంలో బయోటెక్నాలజీ (డీబీటీ), సైన్స్-టెక్నాలజీ (డీఎస్‌టీ) శాఖలు 2014 నుంచే, తమ నిధులతో చేసిన పరిశోధన పేపర్లను ఇలా రిపాజిటరీలో పెట్టాలని విధానం చేసుకున్నాయి. భౌతిక శాస్త్రం వాళ్లయితే 1991లోనే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌తో ఈ దారి పట్టారు. అక్కడ రివ్యూకు ముందే పేపర్‌ను అందరి ముందూ పెడతారు.

అపోహ: ఉచితంగా దొరికేది నాసిరకం.

వాస్తవం: నాణ్యత తేల్చేది రివ్యూ. తాళం ఉందా లేదా అన్నది కాదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన పేపర్ 1998లో లాన్సెట్‌లో వచ్చింది. అది పేరున్న చందా పత్రిక. ఆ పేపర్‌ను వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. అలాగే 2023లో హిందావీ అనే ఓపెన్ యాక్సెస్ సంస్థ 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకుంది. పరిశీలన సడలితే ఎక్కడైనా ఇదే జరుగుతుంది. కాబట్టి పత్రికను చూడండి, పద్ధతిని చూడండి.

ఆ స్కాలర్‌తో కలిసి మేం చేసింది అదే. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ప్రొఫెసర్ల పేర్లను వాళ్ల విశ్వవిద్యాలయాల సైట్లలో వెతికాం. ఇద్దరు అసలు లేరు. ఫీజు సంగతి పత్రిక సైట్‌లో లేదు, వాట్సాప్‌లో మాత్రమే ఉంది. ఒకే సంచికలో వరి తెగుళ్లు, బ్యాంకింగ్, యోగా, సివిల్ ఇంజినీరింగ్ పక్కపక్కనే ఉన్నాయి. 48 గంటల్లో రివ్యూ అన్నప్పుడే అసలు అనుమానించాలి. ఏ విషయ నిపుణుడైనా ఒక పేపర్ శ్రద్ధగా చదివి అభిప్రాయం రాయడానికి వారాలు పడుతుంది. "ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా మేడమ్" అంది. అది పత్రికను గుర్తుపట్టే నంబరు మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. మంచి పత్రికలివీ అని చెప్పే యూజీసీ-కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు కేర్ పేరు చూపించి డబ్బు అడిగేవాళ్ల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ అమ్మాయి డబ్బు కట్టలేదు.

అపోహ: వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇక ఓపెన్ యాక్సెస్ దేనికి?

కేంద్ర ప్రభుత్వమే చందా కట్టి పత్రికలు చదివించే ఆ పథకాన్ని నేను మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13 వేల పత్రికలు. మునుపు మాలాంటి కాలేజీలు కలలో కూడా అనుకోనిది. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు. టెక్కలిలోనో బొబ్బిలిలోనో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్‌కు లేదు. చదువు పూర్తయి లాగిన్ పోయిన విద్యార్థికి లేదు. విలేకరికి లేదు, రైతుకు లేదు.

ఇక్కడ నాకు మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతమే గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లలో కిడ్నీ జబ్బు మీద ఎన్ని బృందాలు వచ్చి వెళ్లాయో లెక్కలేదు. రక్తం ఇచ్చింది మన మనుషులు. బోరు నీళ్లు సీసాల్లో పట్టి ఇచ్చింది మన ఆడవాళ్లు. ప్రశ్నలడిగితే కొబ్బరితోట పని ఆపుకుని కూర్చుని జవాబు చెప్పారు. ఆ పేపర్లలో కొన్ని అందరికీ తెరిచి ఉన్నాయి, కొన్నింటికి తాళం ఉంది. సోంపేటలో సొంత క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ తన రోగుల గురించే వేరేవాళ్లు రాసిన పేపర్ చదవాలంటే డాలర్లు కట్టాలి. ఇది అన్యాయం అని నేను ప్రతి మీటింగ్‌లో చెబుతాను. పరిశోధనకు రక్తం ఇచ్చిన ఊరికి దాని ఫలితం చదివే హక్కు ఉండాలి.

అపోహ: అందరికీ తెరిచి పెడితే కాపీ కొట్టేస్తారు.

తాళం వేసిన పేపర్ నుంచీ కొట్టేస్తారు, కాకపోతే పట్టుకోవడం కష్టం, అంతే తేడా. అందరికీ కనిపించే పేపర్‌లో తేదీ ఉంటుంది, మీ పేరు ఉంటుంది. శోధగంగ అనే సైట్‌లో లక్షల థీసిస్‌లు తెరిచి ఉన్నాయి, తెలుగులో రాసినవి కూడా. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చినంత మాత్రాన కాపీరైటు పోదు, పేరు చెప్పి వాడుకోమని అనుమతి ఇస్తున్నారంతే.

చివరగా నా సంగతి ఒకటి. లైబ్రరీ సైన్స్‌లోకి రాకముందు, చరిత్ర విద్యార్థినిగా ఉన్నప్పుడు, పొందూరు ఖద్దరు మీద ఒక పేపర్ రాశాను. వాలుగ చేప దవడతో పత్తిని ఎలా దువ్వుతారో, వందో నంబరు నూలు ఎలా తీస్తారో అక్కడి అమ్మలు వారం రోజులు నాకు ఓపిగ్గా చూపించారు. తొందరలో డబ్బు కట్టి ఒక పత్రికలో వేయించాను. రెండేళ్లకు ఆ సైట్ మాయమైంది. ఆ పేపర్ ఎక్కడా లేదు, ఆ అమ్మలు చెప్పిన మాటలూ లేవు.

కిందటి సంక్రాంతికి ఇంట్లో ట్రంకుపెట్టె సర్దుతుంటే దాని ప్రింటు దొరికింది. కాపీరైటు ఫారమ్ మీద అప్పట్లో నా చేత ఎవరూ సంతకం చేయించుకోలేదు. మళ్లీ టైపు చేసి, తప్పులు దిద్ది, యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో రిపాజిటరీలో పెట్టాను. డబ్బు అడగలేదు, పేపర్‌ను ఎప్పటికీ గుర్తుపట్టే డీఓఐ నంబరు కూడా ఇచ్చారు. ప్రింటు తీసుకుని పొందూరు వెళ్తే, నాకు రాట్నం చూపించిన ఒక పెద్దమ్మ మనవరాలు ఫోన్‌లోనే అది తెరిచి వాళ్ల నానమ్మకు చదివి వినిపించింది.