కారు దీపం లోపల తడి

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. డిసెంబరు సెలవుల్లో విశాఖ నుంచి లంబసింగి వెళ్ళారు కదా, పొగమంచు గురించి రాస్తారనుకున్నాను. చిన్నవాడు కారు గురించి రాశాడు. "తాతయ్యా, పొద్దున్నే చూస్తే హెడ్‌లైట్ లోపల అంతా తెల్లగా చెమట పట్టినట్టుంది. గుడ్డతో తుడిస్తే పోలేదు. అన్ని వైపులా మూసే ఉంది కదా, లోపలికి నీళ్ళెలా వెళ్ళాయి?" అని. నాన్న దీపం మార్పిద్దామంటున్నాడట. రెండు రోజులు ఆగమని చెప్పండి.

మీరు హరికేన్ లాంతరు చూశారో లేదో. మా చిన్నప్పుడు ఊళ్ళో కరెంటు లేదు. పొద్దు వాలేసరికి లాంతరు చిమ్నీ తుడవాలి. అది పిల్లల పని, ఎందుకంటే పెద్దవాళ్ళ చెయ్యి అందులో పట్టదు. పొయ్యిలో బూడిద మెత్తటి గుడ్డకు అద్ది, మసి వదిలేదాకా లోపలంతా రుద్దేవాణ్ణి. చలికాలంలో వత్తి వెలిగించి చిమ్నీ దించగానే, తళతళలాడే ఆ గాజుకు లోపలివైపు తెల్లటి పొర కమ్మేది. చూస్తుండగానే కరిగి మాయమయ్యేది. ఆ కాసేపు చూడటం కోసమే నేను ఆ పని ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. కిరోసిన్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. అది చల్లటి గాజును తాకి నీరవుతుంది, గాజు వేడెక్కగానే మళ్ళీ ఆవిరై పైకి పోతుంది.

మీ కారు దీపం కూడా లాంతరే అనుకోండి. లాంతరుకు కిందా పైనా కన్నాలుంటాయి, పూర్తిగా మూసేస్తే ఆరిపోతుంది. కారు దీపానికీ వెనకవైపు చిన్న గొట్టమో, రబ్బరు మూతలో సందో ఉంటుంది. వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి, ఉబ్బి, కొంత బయటికి పోతుంది. ఆర్పాక చల్లబడి కుంచించుకుపోతూ బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. విశాఖలో పీల్చింది సముద్రపు గాలి, తేమ నిండిన గాలి. దాన్ని మీరు దీపంలో పెట్టుకుని కొండెక్కారు. రాత్రి చలికి ముందు చల్లబడేది ముందున్న పారదర్శకపు మూత, అందుకే తేమ అక్కడ పట్టింది.

ఎంత నీరో లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల ఆవిరిని మోస్తుంది. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములకు మించి మోయలేదు. మీ దీపంలో పది లీటర్ల గాలి పడుతుందనుకుంటే, అది వదిలే నీరు 0.2 గ్రాములు. అంటే నాలుగు చుక్కలు! ఆ నాలుగు చుక్కలే పలచగా పరుచుకుని అంత తెల్లగా కనిపించాయి. కాబట్టి సన్నటి ఆవిరి పొర పట్టి, కాస్త ఎండ తగిలాకో, దీపాలు వేసుకుని తిరిగాకో పోతే భయం లేదు. అదే చెంచాడు నీళ్ళు అడుగున నిలిచినా, పెద్ద పెద్ద బొట్లు జారుతున్నా, అది గాలి తెచ్చిన నీరు కాదు. ముందు మూత ఎక్కడో చిట్లి ఉండాలి, అంచున అతుకు వదిలి ఉండాలి, లేదా బల్బు మార్చినవాళ్ళు వెనకాల రబ్బరు మూత సరిగా పెట్టి ఉండరు. ఈ చివరిది చాలా మామూలు. పని అయ్యాక తీసిన మూత తిరిగి పెట్టడం కూడా పనిలో భాగమే, ఇది మీకూ చెబుతున్నాను.

నీళ్ళు అలా వదిలేస్తే లోపల వెండిలా మెరిసే పూత పాడవుతుంది, బల్బు పెట్టే చోట తుప్పు పడుతుంది. లాంతరు వెలుగుతుండగా వాన చినుకు తగిలితే చిమ్నీ టప్పున పగిలేది. మండుతున్న హాలోజన్ బల్బు మీద చల్లటి చుక్క పడితే అదీ పగలవచ్చు. పైగా తడి పట్టిన మూత వెలుగును చెదరగొట్టి ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో కొడుతుంది. దారి మనకొక్కరికే కాదు కదా.

ఎల్‌ఈడీ దీపాలైతే వేడి వెనక్కే పోతుంది, ముందు మూత పెద్దగా వేడెక్కదు. అందుకే వాటిలో తడి ఇంకాస్త సేపు ఉంటుంది. గాలి గొట్టంలో బురదో సాలెగూడో అడ్డుపడినా తడి పోదు, దాన్ని శుభ్రం చేస్తే చాలు. తడి పోవడానికని దీపానికి కన్నం పొడవనివ్వకండి. ఆ కన్నంలోంచి వాననీరు కూడా వస్తుంది. పైపు నీళ్ళు దీపం అంచుల మీద గట్టిగా కొట్టవద్దని కూడా నాన్నకు చెప్పండి.

ఇక మీ వంతు. ఇంజను చల్లబడ్డాక నాన్నను బానెట్ ఎత్తమని, దీపం వెనకాల గుండ్రటి రబ్బరు మూత ఉందేమో, ఉంటే అంచంతా సరిగా కూర్చుందో లేదో చూడండి. చేత్తో లాగకండి. ఈసారి తడి పట్టినప్పుడు ఇంజను నడుస్తుండగా దీపాలు వేయించి, మీరు పక్కన నిలబడి చూడండి. తడి ఏ మూల ముందు పోతుంది, ఏ మూల ఆఖరున పోతుంది? బొమ్మ గీసి, బల్బు ఎక్కడుందో గుర్తు పెట్టి నాకు పంపండి.

మీ
తాతయ్య