గ్లాసు ఒంపినట్టు చెయ్యి పెట్టండమ్మా!

పై అరలో ఉన్న కుక్కర్ అందుకోబోతే మా అమ్మకు కుడి జబ్బ పట్టేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, "చెయ్యి చాపి కాస్త పక్కకు తేండి, బొటనవేలు కిందకి తిప్పండి, గ్లాసులో నీళ్లు ఒంపేసినట్టు" అని మణికట్టు మీద రెండు వేళ్లతో నొక్కాడు, అంతే, చెయ్యి కిందకి జారిపోయింది. బయటికొచ్చాక అమ్మ ఒకటే గొణుగుడు: "స్కానింగ్ రాయకుండా చేతులు ఊపించి పంపాడేంటే?" హైదరాబాద్‌లో ఎమ్మారై రాయని డాక్టరంటే మనకు చిన్నచూపే కదా.

అసలు ఆ ఊపించడమే పాత పద్ధతి. డాక్టర్ అలా చూసింది రొటేటర్ కఫ్‌ని. అంటే భుజం బంతిని గిన్నెలో కుదురుగా పట్టి ఉంచే నాలుగు కండరాలు, వాటిని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు. అవి తెగినా ఎక్స్‌రేలో కనబడవు, అందుకే చేత్తో చూసి చెప్పాల్సి వచ్చింది. బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ 1934లో భుజం మీదే ఒక పుస్తకం రాశాడు. పక్కకు ఎత్తిన చెయ్యిని మెల్లగా దించమంటే మధ్యలో దబ్బున పడిపోయే పరీక్షకు ఆయన పేరే చెబుతారు. గ్లాసు పరీక్షేమో 1980ల మొదట్లో బేస్‌బాల్ ఆటగాళ్లకు వైద్యం చేసే ఫ్రాంక్ జోబ్ నుంచి వచ్చింది. అక్కడ దాని పేరు ఖాళీ డబ్బా (ఎంప్టీ క్యాన్) పరీక్ష, మా డాక్టర్ ఆ డబ్బాని మంచినీళ్ల గ్లాసు చేశాడు! అది పై కండరానికే. ముందువైపు కండరం కోసం 1991లో స్విస్ సర్జన్ గెర్బర్, నడుం వెనక పెట్టిన చెయ్యిని వీపు నుంచి ఎడంగా లేపమనే పరీక్ష తెచ్చాడు. నొప్పితో చెయ్యి వెనక్కే వెళ్లనివాళ్ల మాటేంటి? వాళ్లకోసం పొట్ట మీద అరచెయ్యి నొక్కించేది 1996లో వచ్చింది.

చిక్కేంటంటే, టెండన్ బాగానే ఉన్నా నొప్పికే చెయ్యి జారిపోవచ్చు. కాబట్టి ఒక్క పరీక్షతో తేల్చడం కుదరదు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో మూడు కలిపి చూశారు: చెయ్యి దబ్బున పడటం, చెయ్యి పైకి ఎత్తేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్య నొప్పి, మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటకు తోయమంటే బలం లేకపోవడం. మూడూ ఉంటే పూర్తిగా తెగి ఉండే అవకాశం 91 శాతం అని తేలింది.

పోనీ ఎమ్మారై తీస్తే పోలా అంటారా? 1995లో అసలు నొప్పే లేని 96 మందికి తీశారు. 60 దాటినవాళ్లలో 54 శాతం మందికి చిరుగు కనిపించింది. అమ్మకు 67. స్కాన్‌లో ఏదో ఒకటి కనబడే అవకాశం ఎక్కువే, ఈ నొప్పి దానివల్లేనా అన్నది మాత్రం మళ్లీ చెయ్యి ఎత్తించి చూడాల్సిందే. ఇదంతా చెప్తే అమ్మ, "సరేగానీ ఆ కుక్కర్ కింద పెట్టు" అంది.