చెరువు ఒడ్డున నడకదారి ఎక్కడ వేయాలి: అపోహలు - వాస్తవాలు

తిరుపతి పక్కన అవిలాల, పేరూరు, చిత్తూరులో కట్టమంచి... చెరువుల దాకా ఊరు వచ్చేసింది. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఒడ్డు పనుల కొలతలేమో ఎక్కువగా వేసవిలో, చెరువు ఎండినప్పుడు జరుగుతాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: నీళ్లు ఎక్కడున్నాయో అక్కడే చెరువు హద్దు.

వాస్తవం: హద్దు తేల్చేది మొరవ, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే కట్టడం. నీళ్లు మొరవ మీదుగా పొర్లడం మొదలయ్యే మట్టమే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, నిండు చెరువు మట్టం). ఎగువ నేల వందకు ఒకటి వాలులో ఉంటే, నీటిమట్టం ఒక్క మీటరు తగ్గగానే అంచు 100 మీటర్లు లోపలికి జరుగుతుంది. బీడుగా కనిపించే ఆ మేర అంతా చెరువే. మొరవ పైఅంచు మట్టాన్ని ఆటో లెవెల్‌తో (మట్టాలు కొలిచే సర్వే పరికరం) చుట్టూ తీసుకెళ్లి హద్దురాళ్లు పాతాలి, చదును నేల మీద మరీ దగ్గరదగ్గరగా. మొరవ పారుతున్నంతసేపూ నీళ్లు ఈ గీత దాటే ఉంటాయి. అందుకే రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీ వదలమంటాయి. నడకదారికీ చెట్లకూ తగిన చోటు ఆ పట్టీయే. మట్టి, గ్రావెల్ దారి చాలు, సిమెంటు వద్దు.

అపోహ: చెరువు చుట్టూ రింగ్ బండ్ (మట్టికట్ట) పోస్తే ఆక్రమణలు ఆగుతాయి.

వాస్తవం: చాలాసార్లు చెరువు కుంచించుకుపోయేది దీనివల్లే. 3 మీటర్ల పైవెడల్పు, 2 మీటర్ల ఎత్తు, ఒకటికి రెండు వాలుతో కట్ట పోస్తే అడుగున 11 మీటర్లు పడుతుంది. కిలోమీటరు పొడవుకు 11,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2.7 ఎకరాలు. దాన్ని ఎఫ్‌టీఎల్ లోపల పోస్తే ఆ 2.7 ఎకరాలతో పాటు కట్టకు బయట మిగిలిన చెరువు నేల కూడా పోతుంది, ఎందుకంటే కొత్త కట్టనే అందరూ హద్దనుకుంటారు. పైనుంచి వచ్చే వాననీరు కట్టకు అడ్డంపడి ఇళ్లలోకి మళ్లుతుంది. వంకలు వచ్చి కలిసే చోట్ల కట్ట అసలే పోయకూడదు. అక్కడ దారి కావాలంటే కల్వర్టు కట్టాలి, వంక పూర్తి వెడల్పుకు.

అపోహ: కట్ట మీద చెట్లు నాటితే కట్ట బలపడుతుంది.

వాస్తవం: చెట్టు చచ్చాక వేరు కుళ్లి గొట్టంలా ఖాళీ పడుతుంది, ఆ దారిలో నీరు ఊరుతుంది. కట్ట మీద గరిక చాలు. కానుగ, నేరేడు లాంటివి కట్ట మొదలుకు దూరంగా నాటండి. ఎండ్రకాయల బొరియలు, ఎలుక కలుగులు వానలకు ముందే బంకమట్టితో దట్టించాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట ఊటతో కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. పడవ షికారు కోసమని మొరవ మీద ఇసుక బస్తాలు పేర్చి మట్టం పెంచడం అంతకన్నా ప్రమాదం.

అపోహ: జమ్ము, తుంగ పిచ్చిమొక్కలు, పీకేయాలి.

వాస్తవం: నీటికోళ్లు గూళ్లు పెట్టేది వాటిలోనే, అలల కోతను ఆపేదీ అవే. నడకదారి నుంచి నీళ్లు కనిపించడానికి అక్కడక్కడా సందులు తీస్తే చాలు, అదీ గూళ్లు లేవని చూసుకున్నాకే. తీయాల్సింది గుర్రపుడెక్క. తీసి ఒడ్డునే కుప్పపోస్తే కుళ్లిన రసం తిరిగి నీళ్లలోకే దిగుతుంది, ఎఫ్‌టీఎల్ దాటించి ఎరువు చేయాలి. మురుగు కాలువ కలిసినంతకాలం అది మళ్లీ మొలుస్తూనే ఉంటుంది. కాబట్టి డబ్బు ముందు మురుగు మళ్లింపుకు పెట్టండి, లైట్లకు ఆ తర్వాత. లైట్లు కూడా పొట్టి స్తంభాలకు, వెలుగు దారి మీదే పడేలా ఉండాలి. నీళ్ల మీద ఫోకస్ లైట్లు పడితే పక్షులు రాత్రి నిలవవు.