బడి చేసేదెంత, ఇల్లు చేసేదెంత: ఒక వాదన నేపథ్యం

చదువు హెచ్చుతగ్గులను తగ్గిస్తుందా, లేక ఉన్నవాటినే తర్వాతి తరానికి అప్పజెబుతుందా? చదువుకూ సమాజానికీ ఉన్న ముడిని పరిశీలించే విద్యా సామాజికశాస్త్రం మీద ఏ చర్చా బృందం కూర్చున్నా మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. ఈ ప్రశ్నకు పదును పెట్టింది, నా లెక్కలో, ఒక్కరే రాసుకున్న సిద్ధాంతాల కన్నా నలుగురూ కూర్చుని తేల్చుకున్న వాదనలే.

తొలి రోజుల్లో ఇంత పేచీ లేదు. 1902 నుంచి ప్యారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ విద్య గురించి పాఠాలు చెప్పాడు. సమాజం తన కట్టుబాట్లను, విలువలను పిల్లలకు అందించే చోటు బడి అన్నది ఆయన మాట. ఆ విలువలు ఎవరివని నిలదీసే రోజులు తర్వాత వచ్చాయి.

అసలు దుమారం అమెరికాలో 1966లో రేగింది. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం ఆదేశం మీద సామాజికశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం సుమారు 4,000 బడుల్లో 6 లక్షలకు పైగా విద్యార్థుల వివరాలు సేకరించింది. నల్లజాతి పిల్లల బడుల్లో వసతులు తక్కువ, వెనకబాటుకు అదే కారణమని తేలుతుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే పిల్లల ఫలితాల్లో తేడాలకు బడి వసతుల కన్నా ఇంటి నేపథ్యం, తోటి పిల్లల నేపథ్యమే ఎక్కువ కారణమని ఆ బృందం నివేదిక చెప్పింది.

దీన్ని తేల్చుకోవడానికే 1966–67లో హార్వర్డ్‌లో డేనియల్ పాట్రిక్ మొయినిహాన్, థామస్ పెటిగ్రూ అనే ఇద్దరు ఆచార్యులు ఒక సెమినార్ నడిపారు. సామాజికశాస్త్రం వాళ్లే కాదు, గణాంక నిపుణులూ ఆర్థికవేత్తలూ వచ్చారు. నివేదిక మంచిదా చెడ్డదా అన్న దగ్గరే ఆగిపోకుండా అవే వివరాలు తీసుకుని లెక్కలు మళ్లీ వేశారు. ఆ పని 1972లో గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ మోస్టెల్లర్, మొయినిహాన్ సంపాదకత్వంలో పుస్తకంగా వచ్చింది.

ఆ రోజుల్లోనే శామ్యూల్ బౌల్స్, హెన్రీ లెవిన్ అనే ఆర్థికవేత్తలు లెక్క వేసిన తీరునే తప్పుపట్టారు. కలిగిన ఇంటి పిల్లలు మంచి బడికే వెళ్తారు. మరి ఇల్లూ బడీ కలిసి చేసిన మేలును ఎవరి ఖాతాలో రాయాలి? కోల్‌మన్ లెక్కలో ఇంటి నేపథ్యం ముందు చేరింది. దాంతో ఉమ్మడి వాటా కూడా ఇంటికే పోయి, బడికి కొసరు మిగిలింది. వరస మారిస్తే బడి వాటా పెరుగుతుంది. ఇంత పెద్ద విధాన వివాదం వెనక ఇంత చిన్న మెలిక ఉందని ఇప్పటికీ చాలామందికి తెలియదు. తెలియాలి.

బ్రిటన్‌లో వాదన వేరే దారి పట్టింది. సామాజికశాస్త్రవేత్త మైకేల్ యంగ్ సంపాదకత్వంలో 1971లో వచ్చిన వ్యాసాల సంకలనంలో అదే రంగానికి చెందిన బాసిల్ బెర్న్‌స్టీన్, పియెర్ బోర్దియు కూడా రాశారు. పిల్లలకు ఎన్ని మార్కులు వచ్చాయన్న దాని కన్నా ముందు, ఏది చదువని ఎవరు నిర్ణయించారో అడగాలన్నారు.

అయితే ఈ చర్చల బల్లల దగ్గర పిల్లలకు చోటు లేదు. బర్మింగ్‌హామ్ పరిశోధకుడు పాల్ విల్లిస్ ఆ కొరత కొంత తీర్చాడు. కార్మిక కుటుంబాలకు చెందిన పన్నెండు మంది కుర్రాళ్లతో తిరిగి, గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించి, 1977లో పుస్తకం అచ్చువేశాడు. అంతకు ముందే చిత్తుప్రతిని తాను పరిశోధించిన కుర్రాళ్లలో కొందరికి చదవనిచ్చి, వాళ్లేమన్నారో అనుబంధంలో పెట్టాడు. ఆ పద్ధతి ఇంకా మామూలు కాకపోవడం ఈ రంగానికి పెద్ద లోటు.