సీపీయూ ముట్టుకుంటే జిల్లుమంటోందా? అపోహలు - వాస్తవాలు

ముసురు పట్టిందంటే చాలు, "సీపీయూ ముట్టుకుంటే జిల్లుమంటోందండి, ఒకసారి వచ్చి చూడండి" అని ఫోన్లు మొదలవుతాయి. అమలాపురం చుట్టుపక్కల కంప్యూటర్లు, ఇళ్ల వైరింగ్ రెండూ చూస్తుంటాను. షాక్ ఏడాది పొడుగునా ఉంటుంది గానీ తడి గచ్చు మీద ఉత్తి కాళ్లతో నిలబడినప్పుడే బాగా తెలుస్తుంది. దీని మీద జనంలో ఉన్న నమ్మకాల్లో కొన్ని ప్రాణం మీదకి తెచ్చేవి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపలి పవర్ సప్లై) పోయింది, కొత్తది వేస్తే సరి.

డబ్బు దండగయ్యేది ఇక్కడే. రాజోలు వైపు ఒక ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి కంప్యూటర్‌కి అప్పటికే రెండు ఎస్‌ఎంపీఎస్‌లు మార్చారు, అయినా జిల్లుమంటూనే ఉంది. నేను సీపీయూ జోలికి పోలేదు, మెయిన్ ఆపి గోడ మీద బోర్డు విప్పాను. సాకెట్‌లో పైన పెద్ద కన్నం ఉంటుంది కదా, అది ఎర్త్, అంటే లీకైన కరెంటు భూమిలోకి పోయే దారి. దాని వెనక స్క్రూకి వైరే లేదు. ఎర్త్‌కి వేసిన పచ్చ వైరు గోడలోంచి వచ్చింది గానీ, చివర మడిచి టేపు చుట్టి లోపలికి తోసేశారు.

ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో వై కెపాసిటర్లు అనే చిన్న బిళ్లలు రెండు, ఒకటి ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరు) సీపీయూ ఇనప డబ్బాకీ మధ్య, ఇంకొకటి న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి పోయే వైరు) డబ్బాకీ మధ్య. ఎర్త్ ఉంటే వాటిలోంచి వచ్చే కొంచెం కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా ఆ రెండిటి మధ్య వేలాడుతూ 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. అంటే ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదైనా ఎర్త్ లేకపోతే జిల్లుమంటుంది. చవకరకం వాటిల్లో కొన్నిటికి ఈ ఫిల్టరే ఉండదు, అది వేస్తే షాక్ పోయినట్టు అనిపిస్తుంది గానీ గోడలో తప్పు గోడలోనే ఉంటుంది.

అపోహ: చీమ కుట్టినట్టే కదా, అలవాటైపోయింది.

ఆ కెపాసిటర్ల నుంచి వచ్చేది సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్‌లోపే, నిజమే. కానీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి మానిటర్, ప్రింటర్, స్పీకర్లు అన్నీ తగిలిస్తే వాటి లీకులన్నీ కలిసి పెరుగుతాయి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. లోపల ఎక్కడైనా వైరు ఒరుసుకుపోయి ఫేజ్ నేరుగా డబ్బాకి తగిలిన రోజు కూడా మీరు ఎప్పటి చీమే అనుకుని చెయ్యి వేస్తారు. దయచేసి అలవాటు చేసుకోకండి.

అపోహ: అది స్టాటిక్ కరెంటు.

స్టాటిక్ ఒక్కసారి చిటుక్కుమని పోతుంది, అదీ పొడిగాలి ఉంటేనే. మన ఉక్కపోతలో అది అరుదు. డబ్బా మీద వేళ్ల వెనక వైపు రాస్తుంటే ఆగకుండా జివ్వుమంటోందంటే అది లీకేజీయే. అలా రాసి చూడమని చెప్పడం లేదు, మీటర్ ఉంది కదా.

అపోహ: ఎంసీబీ ఉంది, యూపీఎస్ ఉంది, ఇక భయం లేదు.

ఎంసీబీ, అంటే లోడు మించితే పడిపోయే స్విచ్, వైర్లు కాలకుండా చూస్తుంది, మనిషిని కాదు. మనిషి కోసం లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ఇక యూపీఎస్‌కి ఎర్త్ గోడ నుంచే రావాలి, గోడలో లేకపోతే దానికీ లేనట్టే.

అపోహ: ఎర్త్ లేకపోతే సాకెట్‌లోనే న్యూట్రల్‌కి కలిపేస్తే పోతుంది.

పోతుంది, నిజంగానే పోతుంది. అందుకే ఇంతమంది చేస్తున్నారు. కానీ న్యూట్రల్ ఎక్కడైనా తెగినా, లూజైనా, స్విచ్ వేసి ఉన్న ఏ వస్తువు గుండానైనా 230 వోల్టులు సీపీయూ డబ్బా మీదకి వచ్చేస్తాయి. ఇలా కలిపిన సాకెట్ కనిపిస్తే ముందు అది విప్పించండి, మిగతా రిపేర్లు తర్వాత.

అపోహ: మాది తడినేల, ఎర్తింగ్‌కి ఢోకా లేదు.

డెల్టాలో అందరూ అనే మాటే ఇది. తడినేల కరెంటుని బాగా తీసుకుంటుంది, కాదనను. కానీ సముద్రం దగ్గరపడే కొద్దీ నేలలో ఉప్పు ఎక్కువ, అది ఎర్త్ కోసం భూమిలో పాతిన జీఐ (జింకుపూత ఇనప) పైపునీ, దానికి వైరు బిగించే క్లాంపునీ తినేస్తుంది. రాజోలు ఇంట్లో పచ్చ వైరు సాకెట్‌కి కలిపాక మీటర్ పెట్టాను. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఉంది, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, 140 దగ్గర ఊగుతోంది. పెరట్లో కొబ్బరి చెట్టు పక్కన ఉన్న ఎర్త్ గొయ్యి తవ్వించాం. పైపుకి బిగించిన క్లాంపు పట్టుకుంటే తుప్పు పెళ్లలుగా చేతిలోకి వచ్చేసింది. పైపు ఉంది, వైరు ఉంది, రెండిటి మధ్యా ఏమీ లేదు. గొయ్యి అలా పాడైతే ఎర్త్ వైరు ఇంట్లో వస్తువుల డబ్బాలన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపేస్తుంది, ఒకదాని లీకు మిగతా వాటికీ పాకుతుంది. ఆ సాకెట్‌లో వైరు ఎవరో మడిచేసింది అందుకే అయ్యుంటుంది.

రాగిపూత రాడ్డు కొత్తగా దింపి, ఉప్పు వెయ్యకుండా గొయ్యి పూడ్చాం. తర్వాత ఫేజ్‌కీ ఎర్త్‌కీ 228, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 2. వంటింట్లో ఫ్రిజ్ హ్యాండిల్‌కి పాత చీర ముక్క చుట్టి ఉంటే ఎందుకని అడిగాను, అదీ జిల్లుమంటుందని మామ్మగారు చుట్టారట. విప్పేసి ముట్టుకోమన్నాను. రెండుసార్లు వేలితో తాకి చూసుకుని, అప్పుడు తలుపు తీశారు.