రాత్రి కరెంటుకు చెరువేదీ?

హన్మకొండలో ఇంటర్ చదివే అమ్మాయి మొన్న అడిగింది: "సార్, గూగుల్ వాడేదంతా సోలార్, గాలి కరెంటే అంటున్నారు. రాత్రి గాలి కూడా లేకపోతే సర్వర్లు ఎట్లా నడుస్తాయి?" ఇంత మంచి ప్రశ్న విని చాలా రోజులైంది.

2017 నుంచి గూగుల్ చెప్పే మాటకు అర్థం ఇది: ఏడాదిలో ఎన్ని యూనిట్లు వాడిందో, అన్ని యూనిట్ల పునరుత్పాదక విద్యుత్తు కొన్నది. అబద్ధం కాదు. కానీ అది ఏడాది లెక్క.

మన రైతుకు ఈ లెక్క చెప్పి చూడండి. "ఏడాదిలో పడ్డ వాన, పంట తాగిన నీళ్లు సమానమే, ఇంకేం బాధ?" అంటే ఒప్పుకోడు. వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది. యాసంగి వరికి మార్చిలో నీళ్లు కావాలి. కాకతీయులు రామప్ప, పాకాల చెరువులు కట్టించింది అందుకే. చెరువు నీళ్లను పెంచదు, వాన ఉన్న నెల నుంచి లేని నెలకు మోసుకుపోతుంది.

కరెంటు ప్లాంట్లనూ వాడేవాళ్లనూ కలిపే తీగల వల, అంటే గ్రిడ్ మటుకు చెరువు లేని కాలువ. ఒక చివర పోసిందంతా అదే క్షణంలో రెండో చివర వాడాలి. లేకపోతే 50 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 50 ఊపుల దగ్గర, నిలవాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ కదులుతుంది.

సర్వర్లుండే డేటా సెంటర్ ఒకటి, 100 మెగావాట్లది అనుకుందాం. రాత్రీ పగలూ నడిస్తే రోజుకు 24 లక్షల యూనిట్లు. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద తేలే సోలార్ ప్లాంటు కూడా 100 మెగావాట్లే, కానీ ఎండ ఉన్నంతసేపే పని. అంత ప్లాంటు నుంచి రోజుకు సగటున వచ్చేది దాదాపు 5 లక్షల యూనిట్లు. మెగావాట్ అంటే తూములోంచి నీళ్లు పోయే వేగం, యూనిట్లు పొలంలోకి చేరిన నీళ్లు. ఈ తేడా తెలియకుండానే పిల్లలు పదో తరగతి దాటుతున్నారు, నాకు బాధగా ఉంటుంది.

అంటే ఏడాది లెక్క కుదరాలంటే ఇట్లాంటి ప్లాంట్లు ఐదు కావాలి. అప్పుడు మధ్యాహ్నం 300 మెగావాట్లకు పైగా మిగిలి, మత్తడి దుంకినట్టు గ్రిడ్‌లోకి పోతుంది. ఆ గంటల్లో అంత బొగ్గు మిగులుతుంది, అది నిజమైన మేలే. రాత్రి మాత్రం రామగుండం, భూపాలపల్లి బొగ్గు బాయిలర్లే దిక్కు. ఏడాది లెక్కలో మధ్యాహ్నపు మత్తడి కింద రాత్రి బొగ్గు కనబడదు.

అందుకే 2020లో గూగుల్ ఇంకా కష్టమైన లక్ష్యం పెట్టుకుంది: 2030 కల్లా ప్రతి గంటా, సెంటర్ ఉన్న గ్రిడ్‌లోనే, కార్బన్ లేని కరెంటు. దీనికి చెరువు కావాలి. బ్యాటరీ ఒక చెరువు. నిజం చెరువులూ ఉన్నాయి: శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల టర్బైన్లు ఆరు, వెనక్కి తిప్పితే నీళ్లను పైకి తోడగలవు. పగటి కరెంటుతో తోడి, రాత్రి వదిలి టర్బైన్ తిప్పడమే. తోడటానికి 100 యూనిట్లు పెడితే 75, 80 తిరిగొస్తాయి.

బోర్డు మీద లెక్క వేశాం. ఎండ లేని 14 గంటలకు 14 లక్షల యూనిట్లు. అవి రావాలంటే పగలు దాదాపు 18 లక్షలు తోడటానికే పోతాయి. పగటి వాడకం 10 లక్షలు కలిపితే 28. ఐదు ప్లాంట్లు చాలవు, ఆరు కావాలి.

"మరి వారం ముసురు పడితే?" అంది ఆ అమ్మాయి. దక్షిణాదిన గాలిమరలు ఎక్కువగా తిరిగేది ఆ నెలల్లోనే. రేపటి లెక్క అది.